ఆరు రోజుల పగ్గం

తండ్రి తలకు ఆ టోపీ తన చేతులతో తొడగనని ఎస్తేరు ముందే చెప్పేసింది. రక్తసంబంధీకుల మీద పరీక్ష చెయ్యకూడదన్న నియమం ఉందని పైకి అంది. నియమం ఉన్న మాట నిజమే. కానీ దాన్ని అప్పటికే తుంగలో తొక్కి, తండ్రి పేరు బదులు రెండు వందల పదమూడు అని అంకె వేసి లోపలికి తీసుకొచ్చింది తనే. అసలు సంగతేమిటంటే, చేతులు వణుకుతాయని భయం. అందుకని అద్దానికి ఇవతల నిలబడింది.

అవతల గదిలో నాగూర్ మీరా, రెవరెండ్ దేవసహాయం గారి నెరిసిన జుట్టును పక్కకు సర్ది, తీగలున్న టోపీని దించి, గడ్డం కింద పట్టీ బిగించాడు. ఆ ప్రయోగశాలలో యంత్రాలన్నీ నాగూర్ చేతి కిందే పుట్టాయి. యాభై దాటిన మనిషి, మాట మెత్తన.

"అయ్యగారూ, ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోండి. ఆ తర్వాత నేను చెప్పినప్పుడు ఇరవై నిమిషాలు ప్రార్థన చేసుకోండి. అంతే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికేనండీ. ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చోరూ, అట్టా."

"ఓస్, అంతేనా! అయితే తేలికే," అని దేవసహాయం గారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

ఆ యంత్రానికి పగ్గం అని పేరు పెట్టింది కూడా నాగూరే. కోపమొచ్చిన మనిషి చెయ్యెత్తి, కొట్టబోయి, చివరి క్షణంలో ఆగిపోతాడు చూడండి, ఆ ఆగడం ఎక్కణ్ణుంచి వస్తుందో పట్టుకోవడం దాని పని. మెదడులో దేవుడి భయం ఒక పోగు, తల్లి ముఖం ఒక పోగు, పోలీసు ఒకటి, నలుగురూ ఏమనుకుంటారో అన్నది ఇంకొకటి. ఆ పోగుల్లో ఒక్కొక్కదాన్నీ నలభై నిమిషాల పాటు నిద్రపుచ్చగలదు పగ్గం. పోగు నిద్రపోయాక మనిషికి ఒళ్లు మండించే దృశ్యమేదో ఎదురుగా పెట్టి, చేతికి రబ్బరు పిడి ఇస్తారు. పిడి నొక్కితే పక్క గదిలో ఉన్న శత్రువుకు నొప్పి పుడుతుందని చెబుతారు. పక్క గదిలో ఒక పాత బీరువా తప్ప ఎవరూ ఉండరనుకోండి, అది వేరే సంగతి.

రెండు వందల పన్నెండు మంది కూర్చున్నారు ఆ కుర్చీలో. నలభైసార్లు కొండెక్కిన భక్తుడొకాయన దేవుడి పోగు మేలుకుని ఉండగానే పిడిని పిప్పి చేశాడు. దేవుడూ లేడు గీవుడూ లేడనే సైకిల్ షాపు ముసలాయనకు అన్ని పోగులూ నిద్రపుచ్చినా నొక్కలేదు. ఎందుకు నొక్కలేదయ్యా అంటే, "ఏమోనమ్మా, సిగ్గేసింది" అన్నాడు. ఒకావిడకు దేవుడి పోగు తీయగానే ఆగే ఆధారమే లేకపోయింది. ఇలా మనిషికొక రకం. జైళ్ల వాళ్లకు నివేదిక పంపాల్సిన డైరెక్టరు గారేమో, "భక్తి ఉన్నవాడు కొట్టడా, కొడతాడా? ఒక్క వాక్యంలో చెప్పండి డాక్టరుగారూ" అని ప్రాణం తీసేవారు.

ఎస్తేరుకు కావలసింది డైరెక్టరు వాక్యం కాదు. ఆమెకు కావలసిన జవాబు ఒక్క మనిషి గురించే.

పదహారేళ్ల కిందట గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర, లారీల వరసలో, ఎవరు ముందు ఎవరు వెనక అన్న తగాదాలో, కోటేశు అనే హమాలీ బస్తాలు లాగే ఇనుప కొక్కెంతో ఎస్తేరు తమ్ముడు జయరాజును కొట్టాడు. తాగి ఉన్నాడు. ఒక్క దెబ్బే. జయరాజుకు అప్పుడు ఇరవై రెండేళ్లు. కోర్టులో తీర్పు చెప్పిన రోజు కోటేశుకూ దేవసహాయం గారికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు. పక్క బల్ల మీద రుజువు కింద పెట్టిన ఆ కొక్కెమే ఉంది. ఆయన దాని వంక చూశారు. చూసి, కోటేశు భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను క్షమించాన్రా అబ్బాయ్" అన్నారు.

అక్కడితో ఆగారా? నెలనెలా జైలుకు ములాఖత్‌కు వెళ్లారు, పద్నాలుగేళ్లు. ఎస్తేరు తల్లి మార్తమ్మ కొడుకు దిగులుతో రెండేళ్లకే పోయినా ఆయన వెళ్లడం మానలేదు. సత్ప్రవర్తన మీద కోటేశు బయటికొచ్చి కోల్డ్ స్టోరేజీలో కాపలాకు చేరాక, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెడుతున్నారు. రెండేళ్లుగా ఆదివారం ఒంటిగంటకు ఎస్తేరు ఇంట్లో ఉండదు. అన్నం డబ్బాలో పెట్టుకుని, ఖాళీ ప్రయోగశాలలో ఒక్కతే కూర్చుని తింటుంది. కోటేశుతో ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. తండ్రితో మాట్లాడేవి కూడా కూర బాగుందా, మందు వేసుకున్నావా వరకే.

నాన్న చేతిని ఆపిందేమిటి? దేవుడని ఊరంతా అంటారు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టిన రోజే ఎస్తేరు దేవుణ్ణి వదిలేసింది. ఆ వదిలేసిన దేవుడే నాన్నను ఆపాడంటే ఆమెకు ఒళ్లు మండిపోతుంది. పిరికితనమో, అలవాటో, పది మందిలో పరువో అయి ఉంటుందని, అది తేలితే గుండెల మీద బరువు దిగుతుందని పదేళ్లు కూర్చుని ఈ యంత్రం తయారుచేయించింది.

కిందటి వారం ఆయనే అడిగారు. "నన్ను కూర్చోబెట్టు తల్లీ ఆ కుర్చీలో. నాలో ఏముందో తెలియకనే గదా నువ్వు నాతో మనసు విప్పి మాట్లాడటం మానేశావు. చూసుకో. చూసుకున్నాకైనా మాట్లాడుదువుగాని."

ఆ మాటకు కాదనే మనసు ఎవరికుంటుంది?

"మేడమ్," అన్నాడు నాగూర్, ఇవతలికొచ్చి తెర వంక చూస్తూ. "తేడా సున్నా వస్తుంది."

ఊరికే కూర్చున్నప్పటి మెదడు ఒక పటం, ప్రార్థనలో ఉన్నప్పటి మెదడు ఇంకో పటం. మొదటిదాన్ని రెండోదాన్లోంచి తీసేస్తే మిగిలేదే దేవుడి పోగు. ఈయనకు రెండూ ఒక్కటే. గోరంత తేడా లేదు.

"సూక్ష్మత పెంచండి నాగూర్ భాయ్."

పెంచాడు. ఇంకా సున్నా. మళ్లీ పెంచాడు. ప్రమాదం గుర్తుగా వేసిన ఎర్రగీత దగ్గరకొచ్చి చెయ్యి ఆపాడు. "ఇంతవరకు ఎవరికీ గీత దాటలేదు మేడమ్. అయ్యగారు పెద్దాయన. ఇంకో రోజు చూద్దాం."

అప్పుడు సరేనని ఉంటే ఈ కథే లేదు. కానీ పదహారేళ్ల పట్టుదల మనిషిని మాట విననిస్తుందా? "ఒక్క మెట్టు," అంది ఎస్తేరు. "నా బాధ్యత."

ఒక్క మెట్టు దాటగానే తెర మీద ఏదో సన్నని వెలుగు కదిలింది. పగ్గం దాన్ని పట్టుకుని నిద్రపుచ్చింది. కుర్చీలో దేవసహాయం గారు ఒక్కసారి ఉలిక్కిపడి తల ఎత్తారు. ఎదురుగా కోర్టు నాటి కోటేశు ఫొటో వచ్చింది, పక్కనే కొక్కెం. నాగూర్ లోపలికెళ్లి ఆయన చేతికి పిడి ఇచ్చాడు. ఆయన ఫొటోను చాలాసేపు చూశారు. చివరికి పిడిని మెల్లగా బల్ల మీద పెట్టేశారు.

నొక్కలేదు. దేవుడి పోగు నిద్రలో ఉండగా కూడా నొక్కలేదు. "చూశావా, ఆపింది దేవుడు కాదు!" అని ఎస్తేరు మనసు గంతేసింది. గెలిచానని సంబరపడింది, పాపం. ఆ సంబరం గది తలుపు తీసేంతవరకే.

"ఫ్యాను ఆపారా అమ్మా?" అని అడిగారాయన.

"లేదు నాన్నా. తిరుగుతూనే ఉందిగా."

ఆయన పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది. "మరి ఏదో ఆగిపోయింది," అన్నారు.

* * *

నలభై నిమిషాలు గడిచాయి. గంట గడిచింది. రేపటికి సర్దుకుంటుందిలే నాన్నా అని ఇంటికి తీసుకొచ్చింది. మర్నాడు పొద్దున ఇడ్లీల ముందు కూర్చుని, ఎప్పటిలాగే తల వంచి, "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి ఆయన నోరు ఆగిపోయింది. కళ్లు తెరిచి గోడ వంక చూశారు, కిటికీ వంక చూశారు.

"అవతల ఎవరూ లేరమ్మా," అన్నారు. ఫోనులో మాట్లాడుతుంటే లైను తెగినప్పుడు అంటామే, అలా మామూలుగా అన్నారు.

ఎస్తేరు దగ్గరకు జరిగింది. "నాన్నా, నిన్న నాగూర్ భాయ్ ఊరికే కూర్చోమన్నప్పుడు ఏం చేశావు?"

"ఊరికే కూర్చున్నా."

"ఊరికే అంటే?"

"ఊరికే కూర్చుంటే నాకు అదే వస్తుంది గదమ్మా. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నా అదే, బస్సులో నిలబడ్డా అదే. ఆ టోపీ తగిలించే ఆయన మోకాలు నొప్పని కుంటుతున్నాడు, ఆయన కోసం కాసేపు చేశా. నీ కోసం కాసేపు చేశా. యాభై ఏళ్ల అలవాటు. ఏం, చెయ్యకూడదా?"

చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని బడికి నడుస్తుంటే, ఆయన పెదవులు కదలని నిమిషం చూసి ఎరగదు. గడ్డం గీసుకుంటూ, సైకిలు తొక్కుతూ, రేషను క్యూలో నిలబడీ. లోకంలో ఎవరికి తెలియకపోయినా కూతురికి తెలియాలి గదా! ఆయనకు ఊరికే ఉండటమనేదే లేదని తెలియాలి గదా! యంత్రం తేడా వెతుక్కుంటూ వెతుక్కుంటూ వెళ్లి, ఒక పోగు అనుకుని, ఆ మనిషి మొత్తంలో అల్లుకుపోయినదాన్ని పట్టి ఆర్పేసింది. ఎర్రగీత దాటించింది తను. పళ్లెం ముందు కూర్చుని ఏడ్చింది. తండ్రి ఆమె తల నిమిరారు. నిమిరే చేతిలో ఏ తేడా లేదు, అదే ఇంకా ఏడిపించింది.

గురువారం నాగూర్ ఇంటికి వచ్చాడు. రెండు రాత్రులు నిద్రలేనట్టు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆ రోజు నమోదైన నలభై నిమిషాల పటాలు భద్రంగా ఉన్నాయని, వాటినే తిరిగి ఆయన మెదడులోకి పంపితే ఆ అనుభూతి రావచ్చని, రోజూ పొద్దున వచ్చి పెట్టి వెళతానని చెప్పాడు.

దేవసహాయం గారు ఓపిగ్గా విన్నారు. "వస్తే ఎవరొస్తారు నాగూర్ గారూ?"

"మీకు ముందున్నట్టే ఉంటదండీ."

"ఉన్నట్టు ఉంటుంది. మీరు బటన్ నొక్కితే వచ్చి, ఆపితే పోయేవాడికి నేను మొక్కలేనండీ. మీరైతే మొక్కుతారా?"

నాగూర్ తల దించుకున్నాడు. "మొక్కనండీ," అన్నాడు.

"మరి?" అని దేవసహాయం గారు నవ్వారు. "ఆయనంతట ఆయన రావాలి. రాకపోతే ఇట్టాగే ఉంటా. మీ మోకాలు ఎట్టా ఉంది?"

నాగూర్ వెళ్లిపోయాక ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. పెదవులు కదలడం లేదు. పక్కింటి వాళ్లు కుక్కరు పెట్టారు, వీధిలో ఎవరో స్కూటరు తుడుస్తున్నారు. ఇంతకుముందు ఎప్పుడు చూసినా ఒక్కడే కూర్చున్నా ఒంటరిగా కూర్చున్నట్టుండేది కాదు ఆ మనిషి. ఇప్పుడు ఇంట్లో కూతురుండగా కూడా ఆయన ఒంటరివాడు. ఆమె దగ్గరకు వెళ్లి కూర్చుంది గానీ, ఆ ఖాళీ తను పట్టే ఖాళీ కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"చాలా పెద్దదమ్మా ఇల్లు," అన్నారాయన. అది రెండు గదుల అద్దె వాటా.

* * *

ఆదివారం వచ్చింది. ఆయన చర్చికి వెళ్లలేదు. తమ్ముడు చనిపోయాక వచ్చిన ఆదివారం కూడా ఆయన ప్రసంగం మానలేదని ఎస్తేరుకు గుర్తుంది.

ఆ మధ్యాహ్నం ఆమె డబ్బా కట్టుకోలేదు. ప్రయోగశాలలో చూపించింది ఫొటో. ఇంటికి వచ్చేది మనిషి. ఆ మనిషి పీట వాల్చుకుని అన్నం కలుపుతుంటే నాన్న చెయ్యి ఏం చేస్తుందో ఏ యంత్రమూ చెప్పలేదు. కత్తిపీట తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. రోకలి మంచం కిందకు తోసింది. అంతా చేసి, తన తెలివికి తనే సిగ్గుపడింది.

"కత్తిపీట ఎక్కడ పెట్టావమ్మాయ్?" అని వంటింట్లోంచి కేక. "ఉల్లిపాయలు తరగొద్దూ?"

"నేను తరుగుతాలే నాన్నా."

"కోటేశుకు నేనే తరుగుతా ఎప్పుడూ. ఇటివ్వు."

ఇవ్వక తప్పలేదు. ఒంటిగంటకు కోటేశు వచ్చాడు. చేతిలో చిన్న కరివేపాకు కట్ట. గడప దగ్గర ఎస్తేరును చూసి ఆగిపోయాడు. లోపలికి రావాలో వద్దో తెలియక కరివేపాకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. రావద్దని చెప్పేద్దామనుకుంది ఆమె. పదహారేళ్లు మాట్లాడని మనిషితో మొదటి మాటగా అది కూడా రాలేదు.

"లోపలికి రారా," అన్నారు దేవసహాయం గారు.

కోటేశు కూర్చున్నాడు. ఆయన అన్నం వడ్డించారు, కోడికూర వడ్డించారు. ఎప్పుడూ చేసే ప్రార్థన చెయ్యలేదు. కోటేశు కళ్లు మూసుకుని కాసేపు ఎదురుచూసి, ఏమీ వినపడక, కళ్లు తెరిచాడు. దేవసహాయం గారు ఎదురుగా కూర్చుని కత్తిపీట మీద ఉల్లిపాయ తరుగుతూ, తరగడం ఆపి, అతని ముఖంలోకి చూశారు. చూస్తూనే ఉన్నారు. ఎస్తేరు గోడకు ఆనుకుంది.

ఆయన కత్తిపీటను వాల్చి పక్కకు జరిపారు.

"కోటేశూ, నేను నిన్ను కొట్టన్రా. భయపడకు. అమ్మాయీ, నువ్వు కూడా భయపడకు. ఆ కత్తిపీట దాచిపెట్టావని నాకు తెలుసు. నా చెయ్యి లేవదు. ఎందుకు లేవదో నాకూ తెలియదు. ఇంతకాలం ఆయన ఆపాడనుకున్నా. ఆయన లేకపోయినా లేవటం లేదు."

"అయ్యగారూ, ఏమైందండీ?"

"విను. పదహారేళ్లలో నీ ముఖం ఇవాళే చూస్తున్నా. ఇన్నాళ్లూ నీకు అన్నం పెట్టింది నిన్ను చూసి కాదురా. నీ పక్కన ఆయన కూర్చునేవాడు. ఆయన ముఖం చూస్తూ నీ పళ్లెంలో పెట్టా. ఇవాళ నువ్వొక్కడివే ఉన్నావు. నువ్వుంటే నా జయరాజు కనిపిస్తున్నాడు, గేటు దగ్గర పడి ఉన్నవాడు." ఆయన ఉల్లిపాయ ముక్కలు దగ్గరకు చేర్చారు. "కొట్టకుండా ఉండటం నా వల్ల అవుతుంది. నీతో కూర్చుని తినటం నా వల్ల కాదు. అది నాది కాదు, ఆయనది. నువ్వు ఇంక రావొద్దు."

కోటేశు కలిపిన ముద్ద పళ్లెంలోనే పెట్టాడు.

"ఒక్క మాట చెప్పి పోతానండీ. మీరు జైలుకొచ్చి ఎన్ని వాక్యాలు చదివినా నాకు దేవుడు తగల్లేదు. మీకు చెప్తే బాధపడతారని చెప్పలా. నాకు దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. బయటికొచ్చాక రోజుకోడు నన్ను ఖూనీకోరు అంటానే ఉన్నాడు. ఒక్కోసారి నరాలు లాగేస్తయ్యి. అప్పుడు అనుకునేవాణ్ణి, ఆదివారం అయ్యగారి ముందు కూర్చోవాలి గదరా, ఏ ముఖం పెట్టుకుని కూర్చుంటావు అని. సోమవారం నించి శనివారం దాకా అట్టా చెయ్యి దగ్గర పెట్టుకుని బతికా. అంతేనండీ. వస్తా."

లేచి పళ్లెం కడగబోతే దేవసహాయం గారు వద్దని చెయ్యూపారు. గడప దాటుతూ ఎస్తేరు వంక చూడలేదు. కరివేపాకు కట్ట పీట పక్కనే ఉండిపోయింది.

దేవుడు లేని మనిషి ఒకడు, దేవుడు పోయిన మనిషి ఒకడు, దేవుణ్ణి వదిలేసి, తండ్రికి కూడా లేకుండా చేసిన మనిషి ఒకతె. ముగ్గురి మధ్యా ఒక పళ్లెం అన్నం అంతదాకా దేన్ని మోసిందో అప్పుడర్థమైంది ఎస్తేరుకు. రెండు వందల పదమూడు మంది తలలు వెతికింది గానీ, ఆదివారం భోజనం అనే పోగు ఆమె పట్టికలో లేదు.

* * *

సోమవారం నాడు ఎస్తేరు ఎర్రగీత దాటించిన సంగతి తన పేరుతో రాసి డైరెక్టరుకు ఇచ్చేసింది. పగ్గం ఉన్న గదికి తాళం పడింది. ఆమెకు విచారణ అన్నారు, ఇంట్లో కూర్చోమన్నారు. నివేదిక కోసం ఆయన అడిగిన ఒక్క వాక్యం మాత్రం ఇవ్వనంది. ఆమె దగ్గర అలాంటి వాక్యం లేదు.

తర్వాతి ఆదివారం ఒంటిగంటకు తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మాట్లాడటానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. మాటలే రాలేదు. వీధిలో గేటు చప్పుడైన ప్రతిసారీ దేవసహాయం గారి చెయ్యి పళ్లెంలో ఆగింది.

ఆ తర్వాతి శుక్రవారం నాగూర్ ఫోన్ చేశాడు. "మేడమ్, మా తమ్ముడు యార్డులోనే పనిచేస్తాడు గదా, వాడు చెప్పాడు. నిన్న కోటేశు తాగొచ్చి ఎవడి పీకో పట్టుకున్నాడంట. నలుగురు కలిసి విడదీస్తే గానీ వదల్లేదంట. చేతిలో రాయి కూడా ఉందంట. ఇంతకుముందు తాగడం మా వాడు చూడలేదంట."

"వాడు ఏమైపోతే నాకేం?" అనుకుంది ఎస్తేరు ఫోను పెట్టేస్తూ. శనివారమంతా అదే అనుకుంది. ఆ పీక ఎవరిదో ఆమెకు తెలియదు. ఆ మనిషికీ ఒక అక్క ఉండే ఉంటుంది. ఆ ఆలోచన దగ్గరకొచ్చేసరికి ముందుకు జరగలేకపోయింది.

ఆదివారం పొద్దున వండింది. టమాటా పప్పు, వంకాయ కూర, అన్నం. టిఫిన్ క్యారియరు కడుగుతుంటే తండ్రి చూశారు. ఎక్కడికని అడగలేదు. చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగారు.

కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల గది. తలుపు తీసే ఉంది. కోటేశు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, కుడి చేతికి గుడ్డ కట్టుకుని. ఆమెను చూసి దిగ్గున లేచాడు.

"పళ్లెం ఉందా?" అంది ఎస్తేరు.

పదహారేళ్లలో అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"ఒకటే ఉందమ్మా."

"నేను మూతలో తింటా. కూర్చో."

వడ్డించింది. అతను కూర్చోలేక కూర్చున్నాడు. రేకుల వేడికి గది మండిపోతోంది. ఆ చేతిని చూడకూడదనుకుంది. కానీ చూసింది. కొక్కెం పట్టిన చెయ్యి అదే. అక్కణ్ణుంచి లేచి పారిపోవాలనిపించింది. నాన్నకు ఇతని పక్కన కనిపించే దేవుడు ఈమెకు కనిపించడు, ఎప్పుడూ కనిపించలేదు. ఎవరి ముఖం చూస్తూ పెట్టాలి? ఎదురుగా ఉన్నది కోటేశు ముఖమే. గడ్డం మాసి, కళ్ల కింద సంచులు దిగి, భయపడుతున్న ముఖం.

"నేను నిన్ను క్షమించలేదు," అంది.

"తెలుసమ్మా."

"ఇంకెప్పుడైనా క్షమిస్తానని కూడా అనుకోకు. మా నాన్నలాంటిదాన్ని కాదు నేను."

"అనుకోనమ్మా."

"వచ్చే ఆదివారం ఒంటిగంటకు వస్తా. ఆ పై వారం కూడా వస్తా. నువ్వు ఇట్టా చేతికి గుడ్డ చుట్టుకుని కనబడితే నీ ఎదురుగా కూర్చుని అన్నం తినడం నావల్ల కాదు. అర్థమైందా?"

కోటేశు తల ఊపాడు. ముద్ద కలుపుకున్నాడు. ఎస్తేరు కూడా మూతలో అన్నం కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మంచినీళ్లు తాగి మింగింది. రెండో ముద్ద కూడా అంతే. అయినా తిన్నది. ఇద్దరూ తలలు వంచుకుని, ఒకరి వంక ఒకరు చూసుకోకుండా, చివరిదాకా తిన్నారు.

ఇంటికి వచ్చేసరికి మూడయింది. దేవసహాయం గారు కిటికీ దగ్గర కుర్చీలోనే ఉన్నారు. ఆయన కోసం మూత పెట్టి వెళ్లిన పళ్లెంలో సగం అన్నం అలాగే ఉంది. ఆమె క్యారియరు సింకులో పెట్టి కుళాయి తిప్పింది.

"తిన్నాడా?" అని అడిగారాయన, ఇటు తిరగకుండానే.

"తిన్నాడు నాన్నా."

"నువ్వు?"

"నేనూ తిన్నా."

ఆమె క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే తోమింది.

"పప్పులో పచ్చిమిరపకాయలు ఎక్కువ పడ్డాయమ్మా," అన్నారు దేవసహాయం గారు. "వాడికి జైల్లో కడుపు పాడైంది. కారం పడదు. ఈసారి తగ్గించు."